వ్యాయామం, గుండె కరెంటు, ఈసీజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) తీసే గదిలో పనిచేస్తాను. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరుగెత్తేవాళ్లు, షుగర్ వచ్చాక నడక మొదలుపెట్టినవాళ్లు, జిమ్‌కి వెళ్లే కుర్రాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే సందేహాలు అటూ ఇటుగా ఒకటే. కాగితం పైమూల మెషిన్ "సైనస్ బ్రాడీకార్డియా, అబ్‌నార్మల్ ఈసీజీ" అని (గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఈసీజీ మామూలుగా లేదని అర్థం) అచ్చు వేసిందంటే చాలు, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి ముఖం వాడిపోతుంది. ఆ మెషిన్‌కి మీ వయసు తెలుసు, మీరు ఆడో మగో తెలుసు. మీరు రోజూ పది కిలోమీటర్లు పరుగెడతారని మాత్రం తెలియదు. ఆ ఒక్క సంగతి పక్కన పెట్టి చదివితే ఎంత పొరపాటు పడతామో రోజూ చూస్తున్నాను కాబట్టి ఈ ప్రశ్నలన్నీ ఒకచోట కూర్చాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. నేను టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాను. మందులు, వైద్యం నిర్ణయించాల్సింది మిమ్మల్ని పరీక్ష చేసిన డాక్టరే.

## మొదలుపెట్టే ముందు

గుండెలో కరెంటు ఉంటుందంటారు, అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

గుండె కుడివైపు పైగది కప్పు దగ్గర, పెద్ద సిర వచ్చి కలిసేచోట, సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు ఆ కణాల గోడల్లోంచి లోపలికీ బయటికీ తిరగడం వల్ల అవి ఎవరూ చెప్పకుండానే లయగా మీటుకుంటూ ఉంటాయి. దీన్ని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ కనిపెట్టారు. ఫ్లాక్ అప్పటికి ఇంకా వైద్య విద్యార్థే. సైనస్ నోడ్ నుంచి బయల్దేరిన కరెంటు పైగదులంతా పాకి, మధ్యలో ఉన్న ఏవీ నోడ్ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. జపాన్‌కు చెందిన సునావో తవారా 1906లో వర్ణించిన నోడ్ ఇదే. ఆ ఆగడంలో పెద్ద మేలుంది. పైగదుల్లోని రక్తం కిందిగదుల్లోకి దిగడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. తర్వాత కరెంటు తీగల్లాంటి దారుల వెంట కిందిగదులకు చేరి, అవి ఒక్కసారిగా ముడుచుకుంటాయి.

ఈసీజీ కాగితం మీద గళ్లను చూసి పల్స్ ఎలా చెబుతారు?

కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో బయటికొస్తుంది. ఒక చిన్న గడి అంటే 0.04 సెకను. ఐదు చిన్న గళ్లు కలిస్తే ఒక పెద్ద గడి, అంటే 0.2 సెకను. రెండు పొడవాటి కోపుల (నిటారుగా లేచే మొనల్లాంటి గీతల) మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెతో 300ని భాగించండి. ఐదు గళ్లుంటే పల్స్ 60, నాలుగుంటే 75. పరుగెత్తేవాళ్ల కాగితంలో ఏడు గళ్లు రావడం మామూలు, అంటే దాదాపు 43. ముందు వచ్చే చిన్న గుబ్బ పీ తరంగం, పైగదులది. పొడవాటి కోపు క్యూఆర్ఎస్, కిందిగదులది. చివరి గుండ్రటి గుబ్బ టీ తరంగం, కిందిగదులు మళ్లీ చార్జ్ అవుతున్నప్పటిది. లయ సమంగా ఉన్నప్పుడే ఈ లెక్క పనికొస్తుంది.

నడక మొదలుపెట్టడానికి కూడా ఈసీజీ తీయించుకోవాలా?

ఏ ఇబ్బందీ లేనివాళ్లు మామూలు నడకకి ఈసీజీ కోసం ఆగక్కర్లేదు. ఆ పరీక్ష అయ్యాక మొదలుపెడదాంలే అని ఆర్నెల్లు వాయిదా వేసినవాళ్లను చూశాను, అదే ఎక్కువ నష్టం. అయితే కొందరు మాత్రం ముందు డాక్టర్‌ని కలవాలి. నడిస్తే ఛాతీలో బరువు, ఆయాసం వచ్చేవాళ్లు. ఎప్పుడైనా స్పృహ తప్పినవాళ్లు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు. బీపీ, షుగర్, సిగరెట్ అలవాటు ఉండి, నలభై దాటాక ఒక్కసారిగా పరుగులోకో, బరువుల్లోకో దిగాలనుకునేవాళ్లు. ఇంకొక మాట. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుంటే రక్తనాళాల్లో పూడిక లేదని కాదు. నడిస్తే నొప్పి వచ్చే మనిషికి ఆ కాగితం ఒక్కటీ ధైర్యం ఇవ్వదు.

జిమ్‌లో కుప్పకూలిన వార్తలు చూస్తే భయమేస్తోంది. మా అబ్బాయిని మాన్పించమంటారా?

మాన్పించకండి, పరీక్ష చేయించండి. వార్తల్లో అన్నింటినీ హార్ట్ ఎటాక్ అనే రాస్తారు గానీ రెండు వేర్వేరు సంగతులున్నాయి. హార్ట్ ఎటాక్ అంటే గుండె కండరానికి రక్తం అందకపోవడం. కార్డియాక్ అరెస్ట్ అంటే కరెంటు చెదిరిపోయి గుండె వణుకుతూ రక్తాన్ని తోయలేకపోవడం. ముప్ఫై ఐదు దాటినవాళ్లలో మొదటిదే ఎక్కువగా రెండోదానికి దారి తీస్తుంది. చిన్న వయసువాళ్లలో తరచుగా కనిపించేవి పుట్టుకతో వచ్చిన లోపాలు. గుండె కండరం అతిగా మందమవడం, క్యూటీ వ్యవధి (కిందిగదులు మీటుకుని మళ్లీ చార్జ్ అయ్యేదాకా పట్టే సమయం) పొడవుగా ఉండటం వంటివి. వ్యాయామం వాటిని పుట్టించదు, దాక్కుని ఉన్నవాటిని రెచ్చగొడుతుంది. వాటిలో చాలావాటి ఆనవాళ్లు ఈసీజీలో ముందే దొరుకుతాయి. ఇటలీలో పోటీ క్రీడాకారులందరికీ ఈసీజీతో పరీక్ష తప్పనిసరి చేశాక, వెనెటో ప్రాంతంలో 1979 నుంచి 2004 వరకు లెక్కలు చూస్తే వాళ్లలో హఠాన్మరణాలు లక్షకు ఏడాదికి 3.6 నుంచి 0.4కి తగ్గాయి. అందుకే సీరియస్‌గా ఆడే పిల్లలకు ఒక్కసారైనా ఈసీజీ తీయించాలని నేను గట్టిగా చెబుతాను.

## మొదటి వారాల్లో

నాలుగడుగులు వేగంగా వేస్తే చాలు, గుండె దడదడలాడుతోంది. ఇది మామూలేనా?

మొదట్లో మామూలే. మనం కూర్చున్నప్పుడు పల్స్ 70 ఉందంటే, నిజానికి బ్రేకు తొక్కి ఉంచారని అర్థం. మెదడు నుంచి వచ్చే వేగస్ నరమే ఆ బ్రేకు. నరాల ప్రభావాన్ని మందులతో పూర్తిగా తీసేస్తే గుండె సొంత వేగం ఎంతుంటుందో 1970లో లెక్క కట్టారు. 118.1 లోంచి వయసుని 0.57తో గుణించి తీసేయాలి. ఇరవై ఏళ్లవారికి సుమారు 107, యాభై ఏళ్లవారికి సుమారు 90. నడక మొదలవగానే శరీరం ముందు ఆ బ్రేకు వదిలేస్తుంది. ఆ తర్వాతే అడ్రినలిన్ యాక్సిలరేటర్ తొక్కుతుంది. అలవాటు లేని ఒంట్లో బ్రేకు పూర్తిగా వదిలేసి యాక్సిలరేటర్ కూడా తొందరగా తొక్కాల్సి వస్తుంది. కొన్ని వారాలు క్రమంగా నడిస్తే అదే దూరానికి అంత దడ రాదు. దడతోపాటు ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం వారాలు ఆగకండి.

విశ్రాంతిగా ఉన్నప్పటి పల్స్ ఎన్నాళ్లకి తగ్గుతుంది?

రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా చేస్తే చాలామందికి కొన్ని బీట్లు తగ్గుతాయి. 78 ఉన్నది 73, 74కి వస్తే అది మంచి మార్పే. 50కి దిగడానికి ఏళ్లు పడుతుంది, అందరికీ దిగదు కూడా. కొలవడంలోనే పొరపాటు ఎక్కువ. నిద్ర లేచాక, కాఫీ తాగకముందు, మంచం మీదే ఉండి, మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క బీటు తప్పినా నాలుగు తేడా వస్తుంది. మూడు రోజుల సగటు రాసి పెట్టుకోండి. ఆసుపత్రిలో టెన్షన్‌తో కూర్చున్నప్పుడు వచ్చే అంకెతో దీన్ని పోల్చకండి.

ఊపిరి పీల్చినప్పుడు వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటోంది. లయ తప్పినట్టా?

కాదు, ఇది ఆరోగ్యం. ఊపిరి పీల్చేటప్పుడు వేగస్ పట్టు సడలుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. చిన్నపిల్లల్లో, బాగా వ్యాయామం చేసేవాళ్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొడవాటి స్ట్రిప్ తీస్తే కోపులు దగ్గరకు జరుగుతూ, మళ్లీ దూరమవుతూ అకార్డియన్ మడతల్లా ఉంటాయి. అనుమానం ఉంటే నేను కాసేపు ఊపిరి బిగపట్టమంటాను. గళ్లు సమానంగా వచ్చేస్తాయి. అలా రాకుండా, పీ తరంగాలే లేకుండా కోపులు చిందరవందరగా పడితే అది వేరే సమస్య.

220 లోంచి వయసు తీసేస్తే వచ్చే పల్స్ దాటకూడదా?

అది మోటు లెక్క. 2001లో హిరోఫూమి టనాకా బృందం సవరించిన లెక్క ప్రకారం వయసుని 0.7తో గుణించి 208 లోంచి తీసేయాలి. అరవై ఏళ్ల మనిషికి పాత లెక్క 160 అంటే, కొత్తది 166 అంటుంది. రెండూ సగటులే, ఒక్కొక్కరికి పదేసి బీట్లు అటూ ఇటూ అవుతుంది. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, వ్యాయామం ఈ గరిష్ఠ పల్స్‌ని పెంచదు. పెరిగేది ఒక్కో బీటులో గుండె తోసే రక్తం. రోజువారీ నడకకి అంకెల కంటే నోరే మంచి కొలత. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

వ్యాయామం ఆపాక పల్స్ ఎంత త్వరగా దిగాలి?

మొదటి నిమిషంలో ఎంత దిగిందన్నదే ముఖ్యం. 1999లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 2,428 మంది ట్రెడ్‌మిల్ పరీక్షలను పరిశీలించారు. ఆపిన నిమిషంలో 12 బీట్లు, అంతకంటే తక్కువ దిగినవాళ్లకు తర్వాతి ఏళ్లలో ముప్పు ఎక్కువగా ఉందని తేల్చారు. ఆగగానే వేగస్ బ్రేకు ఎంత గట్టిగా పడుతోందో ఈ అంకె చెబుతుంది. టీఎంటీ గదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నిమిషం ఇదే. మూడు నెలల కిందట 9 దిగిన మనిషి ఇప్పుడు 22 దిగితే, ఆ స్క్రీన్ వైపు తిప్పి చూపిస్తాను.

## ఏళ్ల తరబడి చేస్తున్నవారికి

నా పల్స్ 48. గుండె బలహీనపడిందా?

రోజూ పరుగెత్తే, సైకిల్ తొక్కే మనిషికి, ఏ ఇబ్బందీ లేకపోతే, 48 చక్కటి అంకె. పల్స్ 70 ఉండి ఒక్కో బీటుకు 70 మిల్లీలీటర్ల రక్తం తోసే గుండె నిమిషానికి 4.9 లీటర్లు పంపుతుంది. సాధన చేసిన గుండె గది కాస్త పెద్దదై, ఒక్కో బీటుకు 98 మిల్లీలీటర్లు తోస్తే 50 బీట్లతోనే అదే 4.9 లీటర్లు వస్తాయి. స్పెయిన్ సైకిలిస్ట్ మిగెల్ ఇందురైన్ విశ్రాంతి పల్స్ 28 అని పత్రికలు రాశాయి. అలాగని తక్కువ పల్స్ అంతా ఘనత కాదు. మెట్లు ఎక్కితే అది 100 దాటి పెరుగుతోందా అని చూడండి. సాధన వల్ల తగ్గిన పల్స్ పని పడగానే లేస్తుంది. నోడ్ జబ్బు వల్ల తగ్గింది లేవదు, మనిషి నీరసపడతాడు, కళ్లు తిరుగుతాయి.

పల్స్ తగ్గేది నరాల వల్లా, గుండెలోనే ఏదైనా మారుతుందా?

చాలాకాలం వేగస్ నరం పట్టు పెరగడమే కారణమని పుస్తకాల్లో రాశారు. 2014లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిట్టెలుకలకు వ్యాయామం చేయించి, తర్వాత నరాల ప్రభావాన్ని మందులతో తీసేసి చూశారు. అయినా వాటి పల్స్ తక్కువగానే ఉంది. అంటే సైనస్ నోడ్ కణాలే మారాయన్నమాట. ఆ కణాల గోడల్లో హెచ్‌సీఎన్4 అనే ద్వారాలుంటాయి, వాటిలోంచి వచ్చే సన్నటి కరెంటే ప్రతి బీటుకీ నాంది. సాధన వల్ల ఆ ద్వారాల సంఖ్య తగ్గింది. ఇదే ద్వారాన్ని మూసి పల్స్ తగ్గించే మందు మన డాక్టర్లు గుండె వైఫల్యంలో రాస్తారు, ఐవాబ్రడీన్. ఏళ్ల పరుగు గుండెలో చేసే మార్పుని ఈ మాత్ర కొంతమేరకు తాత్కాలికంగా చేస్తుంది. నరం వాటా ఎంత, నోడ్ వాటా ఎంత అన్నదాని మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదన నడుస్తూనే ఉంది. రెండూ ఉన్నాయన్నదే నాకు సబబుగా తోస్తుంది.

ఈసీజీలో "ఫస్ట్ డిగ్రీ బ్లాక్" అని వచ్చింది. స్టెంట్ వేయాలా?

అక్కర్లేదు, ఇది రక్తనాళంలో పూడిక కాదు. బ్లాక్ అనే మాట రెండింటికీ వాడటం వల్ల వచ్చిన గందరగోళం ఇది, దీనివల్ల నిద్రలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఏవీ నోడ్ దగ్గర కరెంటు కాస్త ఎక్కువసేపు ఆగుతోందని అర్థం. ఐదు చిన్న గళ్లు, అంటే 0.2 సెకను దాటితే మెషిన్ ఈ పేరు పెడుతుంది. సాధన చేసేవాళ్లలో వేగస్ ఈ నోడ్‌ని కూడా నెమ్మదింపజేస్తుంది కాబట్టి, ఇబ్బంది లేనివారిలో 0.4 సెకను లోపు ఉంటే క్రీడాకారులకు మామూలుగానే లెక్కిస్తారు.

దీనికి అన్నలాంటిది వెంకెబాక్. గేటు దగ్గర ప్రతి బండికీ ముందటి బండి కంటే కాస్త ఎక్కువసేపు పట్టి, చివరికి ఒకటి దాటకుండా ఉండిపోయినట్టు, పీ తరంగానికీ కోపుకీ మధ్య దూరం పెరుగుతూ పెరుగుతూ ఒక కోపు పడకుండా పోతుంది. మళ్లీ మొదటికొస్తుంది. ఒకసారి ఒక మారథాన్ రన్నర్ బల్ల మీద పడుకుని ఉండగా స్ట్రిప్‌లో ఇదే పడింది. మూడు బీట్లు, ఒక ఖాళీ, మళ్లీ మూడు బీట్లు. లేచి పది గుంజీళ్లు తీయమన్నాను. పల్స్ 85కి వెళ్లింది, ఖాళీలు మాయమయ్యాయి. డాక్టర్ గారు రెండు స్ట్రిప్‌లూ పక్కపక్కన పెట్టి చూసి పంపించేశారు. శ్రమతో పోయే బ్లాక్ వేగస్ పని. శ్రమతో ఎక్కువయ్యే బ్లాక్ అయితే పరిస్థితి వేరు, దాన్ని వెంటనే చూపించుకోవాలి.

"ఎల్వీహెచ్" అని రాసింది. గుండె వాచిందా?

ఎల్వీహెచ్ అంటే ఎడమ కిందిగది కండరం మందమవడం, కానీ మెషిన్ చూసింది కోపు ఎత్తు మాత్రమే. ఛాతీ లీడ్‌లలో వీ1లో కోపు లోతూ, వీ5లో ఎత్తూ (ఇవి ఛాతీ మీద వేర్వేరు చోట్ల పెట్టే తీగలు) కలిపి 35 మిల్లీమీటర్లు దాటితే ఆ పేరు వస్తుంది. సాధనతో కండరం కొద్దిగా పెరుగుతుంది. పైగా సన్నటి మనిషికి ఛాతీ గోడ పలుచన, ఎలక్ట్రోడ్‌కీ గుండెకీ మధ్య అడ్డు తక్కువ, కోపు ఎత్తుగా పడుతుంది. సన్నగా ఉండే కుర్ర రన్నర్లలో చాలామందికి ఇది వస్తుంది. వేరే తేడా ఏదీ లేకుండా ఎత్తొక్కటే ఉంటే కంగారు లేదు. దానితోపాటు పక్క లీడ్‌లలో టీ తరంగం తలకిందులైనా, ఎస్‌టీ గీత (కోపుకీ టీ తరంగానికీ మధ్య భాగం) కిందికి జారినా టూడీ ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి. బీపీ కూడా చూడాలి. బీపీతో మందమైన గుండెని పరుగు ఖాతాలో వేసేసి ఊరుకోకూడదు.

ఎమర్జెన్సీలో ఎస్‌టీ పైకి ఉందని హార్ట్ ఎటాక్ అనుకున్నారు. తర్వాత కాదన్నారు. ఎందుకలా?

పల్స్ తక్కువగా ఉండే యువ క్రీడాకారుల్లో క్యూఆర్ఎస్ అయిపోయినచోట గీత కాస్త పైనుంచి మొదలై గిన్నెలా వంగుతుంది. ఎర్లీ రీపోలరైజేషన్ అంటారు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషిలో దీన్ని చూసి డాక్టర్లు జాగ్రత్త పడటం సబబే, వాళ్ల తప్పు కాదు. మీ పాత ఈసీజీ ఒకటి ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. పోల్చి చూడటానికి ఆ ఒక్క ఫోటో ఎంతో పనికొస్తుంది. నొప్పి ఉంటే మాత్రం "నాది ఎప్పుడూ ఇంతే" అని ఇంట్లో కూర్చోకండి.

క్రీడాకారుల ఈసీజీలో ఏవి మామూలు, ఏవి కావు?

దీని మీద 2017లో అంతర్జాతీయ నిపుణులు కలిసి మార్గదర్శకాలు ఇచ్చారు. 30కి తగ్గని నెమ్మది పల్స్, ఊపిరితో మారే లయ, ఫస్ట్ డిగ్రీ బ్లాక్, వెంకెబాక్, ఎత్తైన కోపులు, అసంపూర్ణ కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ (కుడి కిందిగదికి వెళ్లే కరెంటు దారిలో కాస్త ఆలస్యం), ఎర్లీ రీపోలరైజేషన్ మామూలు కింద వస్తాయి. 30 కంటే తక్కువ పల్స్, పెద్దవారిలో తలకిందులైన టీ తరంగాలు, జారిన ఎస్‌టీ, పూర్తి ఎడమ బండిల్ బ్లాక్ (ఎడమ కిందిగదికి వెళ్లే కరెంటు దారి మూసుకుపోవడం), మోబిట్జ్ రెండో రకం బ్లాక్ (దూరం పెరగకుండానే హఠాత్తుగా కోపు పడకపోవడం), మూడో డిగ్రీ బ్లాక్ (పైగదుల కరెంటు కిందికి అసలు చేరకపోవడం), మగవారిలో 470, ఆడవారిలో 480 మిల్లీసెకన్లు చేరిన క్యూటీ, పది సెకన్ల స్ట్రిప్‌లో రెండు, అంతకుమించి కిందిగది అదనపు బీట్లు కనిపిస్తే ఎంత గొప్ప క్రీడాకారుడైనా కారణం వెతకాల్సిందే. ఎడమ బండిల్ బ్లాక్‌ని సాధన వల్ల వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

బరువులు ఎత్తేవారికీ ఈ మార్పులు వస్తాయా?

తక్కువ. పరుగు, సైకిల్, ఈత, రోయింగ్ లాంటి దీర్ఘశ్రమ చేసేవారిలోనే పల్స్ బాగా తగ్గుతుంది.

స్మార్ట్‌వాచ్ అర్ధరాత్రి పల్స్ 38 అని అలారం కొట్టింది. లేచి ఆసుపత్రికి పోవాలా?

గాఢనిద్రలో వేగస్ పట్టు బాగా ఎక్కువ. రోజూ పరుగెత్తేవారికి నిద్రలో 40కి కింద పడటం, రెండు సెకన్ల దాకా ఖాళీలు రావడం, రోజంతా ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ యంత్రం హోల్టర్‌లో తరచూ చూస్తాం. పగలు నీరసం, కళ్లు తిరగడం లేకపోతే తెల్లారాక తీరిగ్గా చూపించుకోవచ్చు. అయితే భారీగా గురక పెట్టి, ఊపిరి ఆగి ఆగి లేచేవాళ్లలో కూడా రాత్రిపూట పల్స్ ఇలా పడుతుంది. ఇంట్లోవాళ్లని మీ గురక గురించి ఒకసారి అడగండి.

పల్స్ తగ్గడానికి వ్యాయామం కాక వేరే కారణాలుంటాయా?

ఉంటాయి, పరుగెత్తేవాళ్లు వీటిని మరిచిపోతారు. థైరాయిడ్ తగ్గడం, బీపీకి వాడే బీటా బ్లాకర్లు, కొన్ని రకాల కాల్షియం బ్లాకర్లు, రక్తంలో పొటాషియం పెరగడం, వయసుతో సైనస్ నోడ్ అరగడం. డెంగీ నుంచి కోలుకునే రోజుల్లో కూడా పల్స్ పడిపోవడం కనిపిస్తుంది. రెండేళ్లుగా అదే దూరం నడుస్తుండగా ఈ నెలలోనే పల్స్ 15 తగ్గితే అది సాధన ఫలితం కాదు. సాధన ఇంత హఠాత్తుగా పనిచేయదు.

## శ్రమ ఎక్కువైనప్పుడు

ఎక్కువ పరుగెడితే లయ చెడుతుందని విన్నాను. నిజమా?

కొంత నిజం ఉంది, దాచకూడదు. స్వీడన్‌లో వాసాలోపెట్ అనే 90 కిలోమీటర్ల స్కీ పోటీ ఉంది. 1989 నుంచి 1998 వరకు దాన్ని పూర్తి చేసిన 52,755 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కసారి చేసినవారితో పోలిస్తే ఐదుసార్లు, అంతకుమించి చేసినవారిలో లయ సమస్యలు దాదాపు 30 శాతం ఎక్కువ. వాటిలో ముఖ్యమైంది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పైగదులు ముడుచుకోకుండా వణకడం. ఏళ్ల తరబడి సాగి పెద్దవైన పైగదులు, వేగస్ పట్టు ఇందుకు కారణాలని భావిస్తున్నారు.

ఈ లెక్క విని నడక మానేస్తే దానికంటే పెద్ద పొరపాటు లేదు. మితంగా చేసేవారిలో అదే ఫిబ్రిలేషన్ తగ్గుతుంది. అరవై ఐదు దాటినవారి మీద జరిగిన అమెరికా అధ్యయనంలో ఎక్కువ దూరం, కాస్త వేగంగా నడిచినవారికే ఆ ముప్పు తక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నుంచి 300 నిమిషాల వ్యాయామం ఆ స్కీ వీరుల శ్రమకి ఆమడ దూరంలో ఉంది.

మధ్యలో ఒక బీటు ఆగి, తర్వాత గట్టిగా కొట్టుకుంటోంది. ప్రమాదమా?

బీటు ఆగలేదు, ముందుగా వచ్చింది. కిందిగదిలో ఏదో ఒక చోటు తొందరపడి మీటుతుంది. అప్పటికి గుండె నిండలేదు కాబట్టి ఆ బీటు మణికట్టు దాకా అందదు. తర్వాతి బీటుకు రక్తం ఎక్కువ నిండి గట్టిగా తగులుతుంది. నిద్ర చాలకపోవడం, టెన్షన్, కాఫీ, మద్యం వీటిని పెంచుతాయి. టీఎంటీలో పల్స్ పెరిగేకొద్దీ ఇవి మాయమైతే సాధారణంగా మంచి సూచన. శ్రమతో ఇవి ఎక్కువైనా, వరసగా మూడు నాలుగు వచ్చినా హోల్టర్, ఎకో అవసరం.

ఎండాకాలంలో అదే దూరానికి పల్స్ 15 ఎక్కువ వస్తోంది. సాధన పోయిందా?

పోలేదు. మే నెలలో మా తీరంలో గాలిలో తేమకి చెమట ఆరదు, ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది. ఒక్కో బీటుకు తోసే రక్తం తగ్గి, ఆ లోటు తీర్చడానికి పల్స్ పెరుగుతుంది. ఆ రోజుల్లో వేగం కాదు, పల్స్ చూసుకుని పరుగెత్తండి. విరేచనాలు పట్టుకున్నప్పుడు, నీళ్ల మాత్రలు వాడుతున్నప్పుడు ఇంకా జాగ్రత్త. పొటాషియం, మెగ్నీషియం తగ్గితే గుండె కణాలు మళ్లీ చార్జ్ అవడమే గతి తప్పుతుంది. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ వట్టి నీళ్ల కంటే మేలు. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగాలి.

జ్వరం తగ్గిన మర్నాడే పరుగు మొదలుపెట్టవచ్చా?

వద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని కూడా వాపెక్కిస్తాయి. వాచిన కండరంలో కరెంటు దారి తప్పుతుంది, దాని మీద శ్రమ పెడితే ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం పూర్తిగా పోయి, నీరసం తీరి, విశ్రాంతి పల్స్ మీ మామూలు అంకెకి వచ్చాక నడకతో మొదలుపెట్టండి. ఛాతీ నొప్పి, దడ ఉంటే ఈసీజీ లేకుండా అసలు వద్దు. పోటీకి పేరు ఇచ్చేశామని జ్వరంతో పరుగెత్తేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

## ఆపేసినా, జబ్బు వచ్చినా

ఆపేస్తే ఎన్నాళ్లకి పాత స్థితికి వస్తుంది?

వారాల్లోనే పల్స్ పైకి జరుగుతుంది. 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ల శారీరక సామర్థ్యం ఎంత పడిపోయిందంటే, ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లలో వయసు మీదపడ్డా అంత తగ్గలేదు. తర్వాత మళ్లీ సాధన చేయించి కోలుకునేలా చేశారు. ఈసీజీలోని ఎత్తైన కోపులు, వెంకెబాక్ వంటివి కూడా సాధన ఆపాక చాలామందిలో తగ్గుతాయి. ఆపినా తగ్గకపోతే డాక్టర్లకు అదే ఒక ఆధారం.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. నడవచ్చా?

డాక్టర్ ఒప్పుకుంటే నడవాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో బరువు ఎక్కువున్న ఫిబ్రిలేషన్ రోగుల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, శారీరక సామర్థ్యం బాగా పెంచుకున్నవారికి లయ తిరిగి చెడటం తక్కువగా కనిపించింది. రక్తం పలుచబడే మందు మాత్రం నడుస్తున్నాం కదా అని మానకూడదు.

బీటా బ్లాకర్ వాడుతున్నాను, పల్స్ 100 దాటడం లేదు. వ్యాయామం వృథానా?

వృథా కాదు. మందు పల్స్‌ని ఆపుతోంది, ప్రయోజనాన్ని కాదు. పల్స్ అంకె పక్కన పెట్టి, మాట్లాడగలిగేంత వేగంలో నడవండి. స్టెంట్ పడ్డవాళ్లూ, బైపాస్ అయినవాళ్లూ డాక్టర్ చెప్పిన రోజు నుంచి మెల్లగా మొదలుపెట్టవచ్చు.

పేస్‌మేకర్ పెట్టారు. నడిస్తే బాగుంది, సైకిల్ తొక్కితే ఆయాసం. ఎందుకు?

చాలా పేస్‌మేకర్లలో ఒంటి కదలికను పసిగట్టే సెన్సార్ ఉంటుంది. నడిస్తే ఛాతీ కదులుతుంది, పల్స్ పెంచుతుంది. సైకిల్ మీద కాళ్లే తిరుగుతాయి, ఛాతీ నిలకడగా ఉంటుంది, మీరు కూర్చున్నారనుకుంటుంది. చెకప్‌కి వెళ్లినప్పుడు ఈ మాట చెప్పండి, సెట్టింగ్ మార్చగలరు.

ఎలాంటి లక్షణం వస్తే ఆ క్షణమే ఆపాలి?

ఛాతీలో బరువు, అది దవడకో ఎడమ చేతికో పాకడం. శ్రమకు మించిన ఆయాసం. కళ్ల ముందు చీకట్లు. హఠాత్తుగా మొదలై తగ్గని దడ. అన్నిటికంటే ముఖ్యం, పరుగు మధ్యలో స్పృహ తప్పడం. పరుగు ముగించి నిలబడ్డాక కళ్లు తిరగడం ఎక్కువగా రక్తం కాళ్లలోకి దిగడం వల్ల. పరుగు మధ్యలో పడిపోతే మాత్రం కారణం తేలేవరకు మళ్లీ మైదానంలోకి దిగకూడదు. గ్యాస్ అని, ఎండ దెబ్బ అని సర్దుకోవద్దు.

పార్కులో మా పక్కన నడిచే ఆయన కుప్పకూలితే ఏం చేయాలి?

భుజం తట్టి పిలవండి. పలకకుండా, ఊపిరి లేకుండా, లేదా అప్పుడప్పుడూ ఎగశ్వాసలాగా తీస్తుంటే అది కార్డియాక్ అరెస్ట్ అనే అనుకోండి. ఎగశ్వాసని ఊపిరి అని పొరబడితే నిమిషాలు పోతాయి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే పెట్టె) ఎక్కడుందో వెతకాలి. మీరు ఛాతీ మధ్యలో అరచేయి మడమ పెట్టి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. అలిసిపోతే రెండు నిమిషాలకోసారి చేతులు మార్చుకోండి. నీళ్లు తాగించవద్దు, లేపి కూర్చోబెట్టవద్దు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో మ్యాచ్ మధ్యలో పడిపోయిన డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్‌ని మైదానంలోనే ఇలా నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. ఛాతీలో డీఫిబ్రిలేటర్ (అవసరమైతే తనంతట తనే షాక్ ఇచ్చే పరికరం) పెట్టించుకుని 2022 ఫిబ్రవరిలో ఆయన మళ్లీ ఆట మొదలుపెట్టాడు.